తీరిక కబుర్లు: దుష్టవేషం కట్టిన వస్తాదు

కిందటి మాసం ఈ పేజీలో దారాసింగు, కింగ్ కాంగుల కుస్తీల ముచ్చట వ్రాసినందుకు మూడు ఉత్తరాలు వచ్చినవి. రెండింటిలో మెచ్చుకోలు ఉన్నది. వాటి సంగతి నేనే చెప్పుకోవడం మర్యాద కాదు. మూడవ ఉత్తరంలో మాత్రం ఒక పెద్దమనిషి, "ఆ పోటీలన్నీ ముందుగా మాట్లాడుకుని ఆడే నాటకాలని పసిపిల్లవాడు కూడా ఎరుగును. ఎవరు గెలవాలో, ఎవరు ఓడాలో డబ్బు పెట్టే ఆసామి నిర్ణయిస్తాడు. అటువంటి ఉత్తుత్తి కుస్తీకి రెండు పేజీల కాగితం దండుగ చేయడమెందుకు?" అని నిలదీశారు.

అడగవలసిన మాటే. ఆయన చెప్పినది నిజం కూడాను. అయితే నాటకమైనంత మాత్రాన వేషం కట్టినవాడికి దెబ్బ తగలదనుకోవడం పొరపాటు. ఈ సంగతి వాదించి ఒప్పించడం కంటే ఒక మనిషి కథ చెప్పడం మేలనిపించింది. కుస్తీ మాకెందుకని పేజీ తిప్పబోయే సోదరీమణులు కూడా కాస్త ఓపిక పట్టవలె. ఇందులో ఒక తండ్రి కథ కూడా ఉన్నది.

ముందుగా ఒక చిన్న విషయం. కుస్తీ మనది, వస్తాదు మనవాడు, తాలింఖానా మన వీధిలోది అనుకుంటాం గాని, ఆ మాటలన్నీ దూరప్రయాణం చేసి వచ్చినవే. కుస్తీ, పహిల్వాను అన్నవి పారసీకులవి. వాళ్ల ఉస్తాదు మన నోట నలిగి వస్తాదు అయినాడు. తాలీం అన్నది అరబ్బీ, దానికి తగిలించిన ఖానా పారసీకం. కాబట్టి కుస్తీ కథను ఇరాను దేశం నుంచి ఎత్తుకోవడం అన్యాయమేమీ కాదు.

ఆ దేశంలో మన తాలింఖానా వంటిదానిని జూర్‌ఖానే అంటారు, బలశాల అన్నమాట. దాని వాకిలి పొట్టిగా ఉంటుంది. ఎంత గండరగండడైనా తల వంచకుండా లోపలికి పోలేడు. నడుమ ఎనిమిది పలకల గొయ్యి, దాని పేరు గౌద్. మన గోదా అన్న మాటకు చుట్టంలాగా వినిపించడం లేదూ? ఒక ఎత్తైన అరుగు మీద గురువు కూర్చుని డోలు మీద దరువు వేస్తూ, గంట మ్రోగిస్తూ, ఫిర్దౌసి షానామాలోని వీరుల పద్యాలు చదువుతూ ఉంటాడు. ఆ దరువుకు తగినట్లు గొయ్యిలోని వాళ్లు మీల్ అనే బరువైన కొయ్యగదలను భుజాల వెనుకనుంచి తిప్పుతారు, ఇనుప గొలుసుల విల్లును తలపైన ఆడిస్తారు, చివరకు కుస్తీ పడతారు. పద్యమూ, దండీలూ ఒకచోటనే నేర్పే బడి అది. 2010లో ఐక్యరాజ్యసమితివారి యునెస్కో సంస్థ ఈ విద్యను మానవజాతి వారసత్వాల పట్టికలో చేర్చింది.

మన కథానాయకుడు హుస్సేన్ ఖోస్రో అలీ వజీరీ 1942లో దాంఘాన్ అనే ఊళ్లో పుట్టాడు. టెహరాను నుంచి మషాదు పోయే పాతబాట మీద ఉన్న ఊరు అది, పిస్తాపప్పుకు ప్రసిద్ధి. (మన వీరఘట్టం బిడ్డ, కలియుగ భీముడు కోడి రామమూర్తి నాయుడుగారు ఒడిశా ప్రాంతంలో కన్నుమూసినది కూడా ఆ 1942లోనే. రెంటికీ సంబంధమేమీ లేదు, గుర్తుకు వచ్చింది కనుక వ్రాశాను.) ఆ రోజుల్లో ఇరాను కుర్రవాళ్లందరికీ దేవుడి తర్వాత దేవుడు గులాంరెజా తఖ్తీ. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సులో స్వర్ణపతకం, దానికి ముందు హెల్సింకీలోనూ, వెనుక రోమ్‌లోనూ రజతపతకాలు సంపాదించినవాడు. అయితే జనం ఆయన్ని పతకాలకోసం ప్రేమించలేదు. రష్యా మల్లుడు మెద్వెద్ కుడి మోకాలికి దెబ్బ తగిలి ఉన్నదని తెలిసి, పోటీ ముగిసేదాకా ఆ కాలు ముట్టకుండా పోరాడాడని చెప్పుకుంటారు. 1962లో బూయీన్ జహ్రాలో భూకంపం వచ్చి వేలమంది చనిపోతే, తఖ్తీ స్వయంగా టెహరాను వీధుల్లోకి వచ్చి చందాలు పోగుచేశాడు. షా ప్రభుత్వానికి ఎదురుగా ఉన్న పక్షంవైపు మొగ్గినవాడు కావడంచేత, దొరతనం వారికి ఆయన గిట్టేవాడు కాదు. 1968 జనవరిలో టెహరానులో ఒక హోటలు గదిలో శవమై కనిపించాడు. ఆత్మహత్య అని సర్కారు ప్రకటించింది. జనం నమ్మలేదు.

వజీరీ నమ్మనివాళ్లలో ఒకడు. అప్పటికి ఆయన సైన్యంలో పనిచేసి, షా కుటుంబానికి అంగరక్షకుడుగా కూడా ఉన్నానని చెప్పేవాడు. ఆ సంవత్సరమే మెక్సికో ఒలింపిక్సుకు గ్రీకు–రోమన్ కుస్తీ జట్టులో చోటుకోసం ప్రయత్నం చేశాడు. ప్రపంచమంతా ఎరిగిన పహిల్వానుకే ఆ గతి పడితే నాబోటివాడి మాటేమిటి అనిపించింది కాబోలు, దేశం విడిచి అమెరికా చేరాడు.

అక్కడ ఏ పాకీపనో చేసుకుని మరుగున పడిపోలేదు. ఉత్తరాన మిన్నెసోటా రాష్ట్రంలో కుస్తీ పట్టి, 1971లో అమెరికా జాతీయ ఔత్సాహిక పోటీల్లో గ్రీకు–రోమన్ పద్ధతిలో, 180½ పౌన్ల తరగతిలో ప్రథముడుగా వచ్చాడు. మరుసటి ఏడు మ్యూనిక్ ఒలింపిక్సుకు వెళ్లిన అమెరికా జట్టుకు సహాయ శిక్షకుడైనాడు. ఇదంతా ఒక్క నయాపైసా అబద్ధం కలవని కుస్తీ, మూడవ ఉత్తరం వారు గమనించవలె.

అబద్ధం ఆ తర్వాత మొదలైంది.

మిన్నెసోటాలోనే వెర్న్ గాన్యా అనే ఆసామి, తానూ మంచి మల్లుడే, డబ్బు కుస్తీల వ్యాపారం నడిపేవాడు. కొత్తవాళ్లను తన పొలంలోని గడ్డివామి కొట్టంలో తయారుచేసేవాడు. ఆ దేశపు చలికాలం ఎటువంటిదో అక్కడ మన పిల్లలున్న తల్లిదండ్రులు ఎరుగుదురు. అటువంటి చలిలో వందలకొద్దీ బస్కీలు, మైళ్లకొద్దీ పరుగు, మీదనుంచి బిల్లీ రాబిన్సన్ అనే ఇంగ్లీషు మల్లుడి చేత కీళ్లు విరిగేటట్టు పాఠాలు. 1972 నాటి ఆ బడిలో వజీరీకి సహాధ్యాయి రిక్ ఫ్లేర్. తర్వాత ఆ రంగంలో చక్రవర్తి అనిపించుకున్నవాడు కూడా ఆ బస్కీలకు తాళలేక పారిపోతే బుజ్జగించి వెనక్కు పిలవవలసి వచ్చిందట.

మొదట్లో వజీరీ తన సొంత పేరుతో, సొంత ముఖంతో గోదాలోకి దిగాడు. మంచివాడి వేషమే. జనం పట్టించుకోలేదు. ఒలింపిక్సు శిక్షకుడైతేనేమి, పట్టులన్నీ వచ్చితేనేమి, టిక్కెట్టు కొన్నవాడికి కథ కావాలి. అప్పుడు వ్యాపారస్థులు ఒక ఆలోచన చెప్పారు. తల నున్నగా గొరిగించు, మీసాలు మెలితిప్పు, అరబ్బు రుమాలు చుట్టు, ముందు ముక్కు వంకీ తిరిగిన బూట్లు తొడుగు అన్నారు. పేరు కూడా మార్చారు. కొంతకాలం "గొప్ప హుస్సేన్ అరబ్బు" అన్నారు, ఆ మీదట "ఐరన్ షేక్" అన్నారు. ఆ దేశస్థులు షేక్ అన్నా పలకలేరు, షీక్ అంటారు.

ఇరానీలు అరబ్బులు కారు. భాష వేరు, పుట్టుక వేరు, ఆ మాట అంటే నొచ్చుకుంటారు కూడా. లెబనాను కుటుంబంలో పుట్టిన ఎడ్ ఫర్హాత్ అనే ఆయన అంతకుముందే షేక్ వేషంతో బోలెడు డబ్బు చేసుకున్నాడు. ఆ పేరుకు మార్కెట్టు ఉన్నది, అంతే. ఈ బాధ మన పాఠకులకు విప్పి చెప్పనక్కరలేదు. బొంబాయిలో మూడు తరాలనుంచి ఉంటున్న తెలుగువాణ్ణి "మద్రాసీ" అని పిలిస్తే, కాదయ్యా అని ఒకటి రెండుసార్లు చెప్పి చూస్తాడు, తర్వాత ఊరుకుంటాడు. వజీరీ ఊరుకోవడమే కాదు, ఆ తప్పుడు పేరునే తన పొట్టకూడు చేసుకున్నాడు. అది లొంగుబాటు అంటారా, లౌక్యం అంటారా మీ ఇష్టం. నాకు మాత్రం రెండూ కలిసినట్టే కనిపిస్తుంది. ఎందుకంటే అంత బూటకపు వేషంలోనూ ఒక్క నిజమైన వస్తువు పట్టుకుపోయాడు: మీళ్లు. తన ఊరి జూర్‌ఖానేలో తిప్పే ఆ కొయ్యగదలను గోదాలో నిలబెట్టి, దమ్మున్న అమెరికావాడెవడైనా వచ్చి నాలాగా తిప్పండి అని సవాలు చేసేవాడు. కండలు తిరిగినవాళ్లు కూడా చతికిలబడేవారు. అది బలం ఒక్కదానితో వచ్చే పని కాదు, భుజానికీ ఊపిరికీ లయ కుదరాలి.

అంతలో చరిత్ర వచ్చి ఆయన నెత్తిన పడింది. 1979లో ఇరానులో విప్లవం వచ్చి షా పోయాడు. నవంబరు 4న టెహరానులోని అమెరికా రాయబార కార్యాలయాన్ని విద్యార్థులు ముట్టడించి సిబ్బందిని పట్టుకున్నారు. 52 మందిని 444 రోజులు, 1981 జనవరి 20 దాకా, విడిచిపెట్టలేదు. అమెరికాలో ఇరాను అన్న మాట వింటేనే జనం పండ్లు కొరికేవారు. ఆ సమయంలో ఇరానీ దుకాణదారులు, చదువుకోవడానికి వచ్చిన పిల్లలు బితుకుబితుకుమంటూ తిరుగుతుంటే, ఆ పగను చేటలతో చెరిగి డబ్బు చేసుకోగల మనిషి ఒక్కడున్నాడు. ఇరాను జెండా పట్టుకుని గోదాలోకి వచ్చి, ఇరానే మొదటిది అని అరచి, అమెరికా పేరెత్తి తుపుక్కున ఉమ్మేసేవాడు. షాకు కాపలా కాసినవాడు, షా దొరతనానికి భయపడి పారివచ్చినవాడు, ఆ షాను వెళ్లగొట్టిన ప్రభుత్వానికి కుస్తీగోదాలో వకాల్తా పుచ్చుకున్నాడన్నమాట! జనానికి ఈ మెలిక అక్కరలేదు. కనిపించినదంతా విసిరేవారు.

వెనుకటి రోజుల్లో మన పద్యనాటకాల్లో దుశ్శాసనుడి వేషం బాగా రక్తి కట్టించినవాడికి మర్నాడు ఆ ఊళ్లో చల్ల కూడా పోసేవారు కాదని హాస్యంగా చెప్పుకునేవారు. ఇక్కడ అది హాస్యం కాదు. దుశ్శాసనుడైతే ముఖం కడుక్కుంటే పోతుంది. వజీరీ ముఖం కడుక్కున్నా ఇరానీయే.

ఇక అసలు ఘట్టానికి వద్దాం. న్యూయార్కులో మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అనే పెద్ద రంగస్థలం ఉన్నది. అక్కడి ప్రపంచ బిరుదు 1978 ఫిబ్రవరి నుంచి బాబ్ బ్యాక్‌లండ్ అనే బుద్ధిమంతుడి చేతిలో ఉంది. కాలేజీ కుస్తీలో నిజమైన ఛాంపియను, సాధువు వంటి మనిషి. 1982లో ఆ కంపెనీని తండ్రి దగ్గర కొన్న విన్స్ మెక్‌మాన్‌కు సాధువులతో పని లేదు. ఆరున్నర అడుగుల ఎత్తు, పచ్చని జుట్టు, సినిమా ముఖం ఉన్న హల్క్ హోగన్ కావాలి. అయితే మంచివాడి బిరుదు మరో మంచివాడు లాక్కుంటే జనం ఎవరివైపు ఉండాలో తెలియక తికమకపడతారు. కాబట్టి నడుమ ఒక దుష్టుడు కావలసి వచ్చాడు. ఇటునుంచి తీసుకుని అటు ఇవ్వడానికి. మన ఇళ్లల్లో అప్పు తెచ్చిపెట్టే మధ్యవర్తి లాగా, సొమ్ము అతని చేతిలో ఉన్నట్లే కనిపిస్తుంది, అతనిది మాత్రం కాదు.

ముందుగా రంగం సిద్ధం చేశారు. మీళ్ల సవాలుకు బ్యాక్‌లండ్ ఒప్పుకున్నాడు, కిందుమీదులు పడి తిప్పాడు కూడా. తిప్పుతుండగానే షేక్ వెనుకనుంచి దాడిచేసి మెడకు దెబ్బ తగిలించినట్లు కథ. 1983 డిసెంబరు 26న పోటీ. షేక్ తన ప్రసిద్ధమైన ఒంటెపట్టు పట్టాడు. అదెట్లా అంటే, ఎదుటివాణ్ణి బోర్లా పడవేసి నడుము మీద ఎక్కి కూర్చుంటాడు, వాడి చేతులు రెండూ తన తొడల మీదికి లాక్కుంటాడు, రెండు అరచేతులు వాడి గడ్డం కింద పెనవేసి వెనక్కు వంచుతాడు. మెడా నడుమూ విల్లు అవుతాయి. బ్యాక్‌లండ్ ఓడినానని నోరు విప్పలేదు. అతని మేనేజరు ఆర్నాల్డ్ స్కాలండ్ చూడలేక తువ్వాలు గోదాలోకి విసిరేశాడు. ఐదేళ్ల పది నెలల ఏలుబడి ఆ తువ్వాలుతో ముగిసింది. దాంఘాన్ కుర్రవాడు ప్రపంచ ఛాంపియను అయినాడు.

నాలుగు వారాలు.

1984 జనవరి 23న అదే గార్డెనులో హోగన్‌తో పోటీ. ఇక్కడ ఒక రహస్యం ఉంది. వజీరీ స్వయంగా ఎన్నోసార్లు చెప్పినదే. హోగన్ అంతకుముందు వెర్న్ గాన్యా దగ్గర పనిచేసి, చెప్పాపెట్టకుండా మెక్‌మాన్ దగ్గరికి వచ్చేశాడు. కడుపు మండిన గాన్యా తన పాత శిష్యుడైన వజీరీకి కబురు పంపాడట: ఆ రాత్రి నాటకం పక్కన పెట్టి నిజంగానే హోగన్ కాలు విరిచి, బిరుదు పటకాతో మిన్నెసోటాకు వచ్చెయ్యి, లక్ష డాలర్లు ఇస్తాను అని.

ఒక్క క్షణం ఆలోచించండి. కాలు విరవడం వజీరీకి చేతకాని పని కాదు. హోగన్‌కు కండలున్నాయి గాని, కుస్తీలో వజీరీ ముందు నిలబడగలిగేవాడు కాదని ఆ వృత్తిలోవాళ్లంతా ఎరుగుదురు. లక్ష డాలర్లు అంటే ఆనాడు మాటలు కాదు. అడిగినవాడు అన్నం పెట్టిన గురువు. గోదా లోపల ఆపగలిగేవాడు ఎవడూ లేడు. ఆ రాత్రి వజీరీ గనక సరే అనుకుంటే తర్వాత వచ్చిన హల్క్ హోగన్ ఉండేవాడు కాదు, ఆ కోట్ల రూపాయల వ్యాపారమూ వేరుగా ఉండేది. కాని ఆయన ఆ కబురును మెక్‌మాన్‌కు చెప్పి, ఒప్పుకున్న మాట ప్రకారం ఓడిపోయాడు. ఒంటెపట్టు పట్టాడు, హోగన్ ఆయన్ని వీపుమీద ఎత్తుకుని లేచి, వెనక్కు నడిచి, మూల స్తంభానికి గుద్ది, కిందపడినవాడి మెడ మీద కాలు వేశాడు. ఆరు నిమిషాలు నిండకముందే పని అయిపోయింది. ఇరవై వేలమంది ఉన్మాదుల్లాగా కేకలు వేశారు.

మూడవ ఉత్తరం వారిని నేను అడగదలచుకున్న ప్రశ్న ఇది. ఆ రాత్రి గోదాలో ఉత్తుత్తి ఏది? గెలుపు ఉత్తుత్తి, ఓటమి ఉత్తుత్తి, ఒప్పుకున్నాను. ఇచ్చిన మాట? జూర్‌ఖానే వాకిట్లో తల వంచడం నేర్చినవాడు కదా, వంచాడు.

ఆ తర్వాతి రెండేళ్లు డబ్బు దండిగా వచ్చింది. సార్జంటు స్లాటర్ అనే సైనికుడి వేషగాడితో వైరం జనాన్ని ఊపేసింది. 1985 మార్చి 31న మొట్టమొదటి రెజిల్‌మేనియా జరిగినప్పుడు నికొలాయ్ వోల్కాఫ్‌తో జంట కట్టి జోడీ బిరుదు గెలిచాడు. ఈ వోల్కాఫ్ రష్యావాడి వేషంలో, ప్రతి పోటీకి ముందు సోవియట్ జాతీయగీతం పాడి తిట్లు తినేవాడు. నిజానికి ఆయన యుగోస్లావియాలో పుట్టిన క్రొయేషియావాడు, కమ్యూనిస్టు దేశం వద్దనుకుని పారిపోయివచ్చినవాడు! ఇద్దరు కాందిశీకులు, తాము ఏ ప్రభుత్వాలకు దణ్ణం పెట్టి వచ్చారో వాటి జెండాలనే మోస్తూ, తమకు నీడనిచ్చిన దేశాన్ని తిట్టి బ్రతికారు. గోదా పక్కన మైకు పట్టుకుని షేక్‌ను ఛీకొట్టినట్లు ప్రశ్నలడిగే జీన్ ఓకర్లండ్ ఎవరనుకున్నారు? వజీరీ పెళ్లిలో తోడుపెళ్లికొడుకు.

ఇంత గుట్టుగా నడిచే సంసారం 1987 మే నెలలో ఒక రాత్రి బజారున పడింది. న్యూజెర్సీలో పెద్దరోడ్డు మీద పోలీసులు ఒక కారును ఆపితే, అందులో ఇరాను దుష్టుడు ఐరన్ షేక్, అమెరికా జెండా పట్టుకుని అతనితో పోరాడే దేశభక్తుడు జిమ్ డగ్గన్, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఉన్నారు. మత్తుపదార్థాలు దొరికాయి, డగ్గన్ దగ్గర గంజాయి, షేక్ దగ్గర కొకెయిను. లోకం రెండు విధాలుగా నివ్వెరపోయింది. మత్తుమందు సంగతి అటుంచి, ఈ శత్రువులిద్దరూ ఒక కారులో ఎట్లా ఉన్నారని! కంపెనీ ఇద్దరినీ తీసివేసింది. నా మట్టుకు నాకు, పక్కపక్కన కూర్చోవడం కన్న రెండవదే ఘోరమైన సంగతి. రెండేళ్లకు, 1989లో, అదే న్యూజెర్సీ శాసనసభవారి ముందు మెక్‌మాన్ కంపెనీ, క్రీడాపోటీల సుంకమూ నిబంధనలూ తమకు వర్తించరాదని కోరుతూ, తమది పోటీ కాదు, వినోదం మాత్రమేనని ఒప్పుకున్నది. డబ్బు మిగులుతుందంటే గుట్టు విప్పడానికి యజమానికి నిమిషం పట్టలేదు. అదే గుట్టు పొరపాటున బయటపడినందుకు పనివాడికి ఉద్యోగం పోయింది. ఏ దేశమైనా ఇంతే కాబోలు.

1991లో మళ్లీ పిలిచారు. ఈసారి వేషం ఏమిటో వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. అమెరికాకూ ఇరాకుకూ యుద్ధం వచ్చింది కదా, వజీరీని "కర్నల్ ముస్తఫా" అనే ఇరాకు సైనికుణ్ణి చేశారు. 1980 నుంచి 1988 దాకా ఇరాకుతో పోరాడి ఇరాను లక్షలమంది బిడ్డలను పోగొట్టుకున్నది. ఆ దేశంలో పుట్టినవాడికి ఆ యూనిఫారం తొడిగారు. పక్కన నిలబడ్డది ఎవరయ్యా అంటే, పాత శత్రువు సార్జంటు స్లాటర్, ఇప్పుడు ఇరాకు పక్షం చేరిన ద్రోహి వేషంలో! వేషాలు కట్టించేవాళ్లకు ఇరాకు, ఇరాను, అరబ్బు అన్నీ ఒక గాటన కట్టిన పశువులే. వజీరీ ఆ యూనిఫారం తొడుక్కున్నాడు. ఇంటి దగ్గర ఇల్లాలు, ముగ్గురు ఆడపిల్లలు ఉన్నారు.

ఆ కుస్తీలో పింఛను లేదు, కంపెనీ ఉద్యోగి అన్న పేరు కూడా లేదు. ఎవడి నడుము వాడిదే, ఎవడి మోకాలు వాడిదే. వయసు మళ్లేసరికి వజీరీ మోకాళ్లు, చీలమండలు పనికిరాకుండా పోయినవి. 2001లో హూస్టన్ నగరంలో పాత వేషగాళ్లందరినీ ఒక్కసారి గోదాలో దింపి, తాటిమీదనుంచి కిందికి తోయించే పోటీ పెట్టారు. చివరికి మిగిలి గెలిచినవాడు షేక్. ఎందుకు గెలిచాడంటే, తాటిమీదనుంచి కిందపడే ఓపిక ఆ కాళ్లకు లేదు కనుక. ముందుగా మాట్లాడుకున్న నాటకంలో అంత దయగల ఏర్పాటు మరొకటి నేను వినలేదు.

ఇక తండ్రి కథ అన్నాను. 2003లో ఆయన పెద్దకూతురిని ఆమెతో కలిసి ఉంటున్న మనిషే చంపివేశాడు. కోర్టులో ఆ హంతకుడు ఎదురుగా కనిపించిన రోజున, నోట్లో రేకు బ్లేడు దాచుకుని పోయి వాడి గొంతు కోయాలని తాను తలపెట్టాననీ, ఇంటివాళ్లు పసిగట్టి ఆపారనీ ఆయనే తర్వాత చెప్పాడు. జన్మంతా కోపం నటించి బ్రతికినవాడికి నిజమైన కోపం వచ్చినప్పుడు చేయగలిగింది ఏమీ లేకపోయింది. మత్తుమందు మళ్లీ పట్టుకున్నది, గట్టిగా. ఇల్లాలు కొంతకాలం విడిగా వెళ్లిపోయి, తర్వాత తిరిగివచ్చి చేరదీసింది. ఈ సంగతులన్నీ "ది షేక్" అనే 2014 నాటి డాక్యుమెంటరీ చిత్రంలో ఆయన దాచుకోకుండా చెప్పాడు. చూచిన తర్వాత ఆ రోజు అన్నం సయించదు, ముందే చెబుతున్నాను.

2005లో కంపెనీవారు ఆయన్ని తమ ప్రసిద్ధుల పట్టికలో చేర్చి సన్మానం చేశారు. సభకు పరిచయం చేసినవాడు సార్జంటు స్లాటర్. చివరి పదేళ్లూ కొత్తతరం పిల్లలు ఆయన్ని ట్విట్టర్లో తిట్లు తిట్టే ముసలాయనగా ఎరుగుదురు. హోగన్ పేరెత్తి తిట్టే తిట్లకు లక్షలమంది శ్రోతలు. ఆ తిట్లు ఇక్కడ అచ్చు వేయదగినవి కావు. అందులో నటన ఎంత, నిజమెంత అన్నది హోగన్‌కు కూడా తెలిసి ఉండదు.

2023 జూన్ 7న జార్జియా రాష్ట్రంలోని ఫేయెట్‌విల్‌లో తన 81వ ఏట వజీరీ కన్నుమూశాడు. జోడీ వోల్కాఫ్ 2018లోను, తోడుపెళ్లికొడుకు ఓకర్లండ్ 2019లోను ముందుగా వెళ్లిపోయారు. ఆ రాత్రి కాలు విరగకుండా దక్కించుకున్న హోగన్ 2025 జూలైలో పోయాడు.

మీళ్ల సంగతి వ్రాస్తుంటే ఒక ఆలోచన వచ్చింది. షోలాపూరు, బరంపురం, యానాం, హోసూరు వైపుల మన పెద్దలు నడిపిన తాలింఖానాలను కళ్లారా చూచినవాళ్లు మన సంఘంలో ఇంకా కొందరు ఉండాలి. అక్కడ కొయ్యగదలను ఏ పేరుతో పిలిచేవారు, గోదాలో ఏ మట్టి పోసేవారు, అందులో నూనె కలిపేవారా, పసుపు కలిపేవారా, వస్తాదు పద్యమేదైనా చదివించేవాడా — జ్ఞాపకమున్నంత వరకు ఒక కార్డు ముక్క మీద వ్రాసి పంపగోరుతాను. మూడవ ఉత్తరం వారు కూడా వ్రాయవచ్చును. దస్తూరీ చాలా బాగున్నది.